అవగాహన మాత్రం తెలుగులో జరిగినది

గోస్తనీ విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు సంతకాలు సులువుగా పడేవి. రిజిస్ట్రార్లు టీ తాగుతూ పెట్టేవారు, ఫోన్లో వియ్యంకుడితో మాట్లాడుతూ పెట్టేవారు, కారెక్కబోతూ బానెట్ మీద కాగితం పెట్టుకుని కూడా పెట్టేవారు. ఎవరికీ నష్టం జరిగినట్టు దాఖలా లేదు. డాక్టర్ జోస్యుల మార్కండేయరావుగారు రిజిస్ట్రారై, ఎక్కడో కొండమీద జరిగిన శిక్షణ శిబిరానికి వెళ్ళొచ్చాక ఆ కాలం చెల్లిపోయింది. అక్కడెవరో ఆయన చెవిలో ‘సాక్ష్యాధారిత పరిపాలన’ అన్న మాట వేసి పంపారు. రాగానే ‘సాక్ష్యం లేనిదే సంతకం లేదు’ అని బోర్డు రాయించి, సర్టిఫికెట్ల సెక్షన్ గుమ్మానికి కొట్టించారు. పెయింటరు బిల్లు పట్టుకొస్తే, ఆ బోర్డు రాసింది తానేనని సాక్ష్యమేమిటని అడిగారు. పాపం అతను అక్షరం పొల్లుపోకుండా ఇంకో బోర్డు రాసి చూపించాడు. అందుకే ఆ గుమ్మానికి ఇప్పటికీ రెండు బోర్డులుంటాయి.

ఆ తర్వాత ఉత్సాహం జోరందుకుంది. సత్ప్రవర్తన సర్టిఫికెట్ అడిగిన కుర్రాళ్ళు ఇరుగుపొరుగు వాళ్ళని ఆటోల్లో వెంటబెట్టుకొచ్చారు. వేరే యూనివర్సిటీకి వెళ్ళడానికి మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలన్నవాళ్ళని ముందు వెళ్ళి, వెళ్ళినట్టు సాక్ష్యం పంపమన్నారు. వైస్ ఛాన్సలర్‌గారు స్నాతకోత్సవంలో మార్కండేయరావుగారికి శాలువా కప్పారు. శాలువా కప్పినట్టు ఫోటో తీయించి ఫైల్లో పెట్టుకున్నారాయన.

సరిగ్గా ఆ రోజుల్లోనే మైలపల్లి సుగుణ ఆ రెండు బోర్డుల కిందనుంచి లోపలికి వచ్చింది.

సుగుణది భీమిలి అవతల చేపలరేవు. రొయ్యల ఫ్యాక్టరీ లాబ్‌లో పనిచేస్తోంది. పొద్దున్నించి సాయంత్రం దాకా రొయ్యల్లో ఏ మందు ఎంత మిగిలిందో చూసి రాయడం పని. కానీ ఆమె మనసంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతూ ఉండేది. తమ రేవులో చిన్నప్పుడు తట్టలకొద్దీ పడిన చేప ఇప్పుడెందుకు పడటం లేదు? ఆ ప్రశ్నే రాసి, ఎక్కడో ఉత్తరాన చలిసముద్రం ఒడ్డున ఉన్న ఒక విశ్వవిద్యాలయానికి పంపితే, వాళ్ళు సీటిస్తామన్నారు, ఫీజు మొత్తం తామే భరిస్తామన్నారు. ఆ స్కాలర్‌షిప్‌కి వయసు హద్దుంది. సుగుణకి ఇదే ఆఖరి ఏడు. మార్కుల జాబితాలు, సిఫార్సు ఉత్తరాలు, పాస్‌పోర్టు, అన్నీ వెళ్ళిపోయాయి. నెలాఖరులోగా ఒక్క కాగితం పంపాలి. డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివినట్టు తన విశ్వవిద్యాలయం ఇవ్వాల్సిన ధ్రువీకరణ పత్రం.

సెక్షన్ సూపరింటెండెంట్ లెంక సింహాచలంగారు మంచి మనిషి. దరఖాస్తు చూసి, ఇది పాతకాలంలో అయితే నువ్వు కుర్చీలో కూర్చునేలోగా చేతికిచ్చీసేవాణ్ణమ్మా అని నిట్టూర్చాడు. రికార్డులో ‘ఆంగ్ల మాధ్యమం’ అని ఉన్న పేజీకి గుర్తుగా చీటీ కట్టి, ఫైలు లోపలికి పంపాడు. సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. పచ్చసిరాతో ఇలా రాసి ఉంది: ‘రికార్డు ఉన్నది. రికార్డు అనగా మనం రాసుకున్నదే. సదరు బోధన వాస్తవంగా ఆంగ్లంలో జరిగినట్టు సాక్ష్యమేది? విచారణ సంఘం వేయవలెను.’

సంఘం వేశారు. రిజిస్ట్రారుగారే అధ్యక్షులు. ఇంగ్లీషు శాఖనుంచి డాక్టర్ మృణాళినిగారు సభ్యురాలు, సింహాచలంగారు కార్యదర్శి. ముందుగా సుగుణతో చదివినవాళ్ళని పిలిచారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు చేపల మేత దుకాణం నడుపుతున్నాడు. క్లాసు ఏ భాషలో జరిగేదని అడిగితే అతను బుర్ర గోక్కుని నిజాయితీగానే చెప్పాడు.

"పుస్తకం ఇంగ్లీషండి. పరీక్ష ఇంగ్లీషండి. మద్దిన మాస్టారు సెప్పినదంతా మన బాసేనండి. నేకపోతే మాకేటి అర్దమవుద్ది?"

తర్వాత అసలు మాస్టారినే పిలిపించారు. ద్విభాష్యం పేర్రాజుగారు జంతుశాస్త్రం చెప్పి రిటైరై చాలాకాలమైంది. ఖద్దరు చొక్కా, చేతిలో గొడుగు, వినికిడి కొంచెం తక్కువ. సుగుణని చూడగానే గుర్తుపట్టి, రొయ్యని కోసి గుండె చూపించమంటే కోయకుండానే పెంకులోంచి చూపించిన పిల్లవి కదూ అన్నారు. రిజిస్ట్రారుగారు గొంతు సవరించుకున్నారు.

"తాము సదరు తరగతులలో ఏ మాధ్యమమున బోధన నిర్వహించినారో సంఘం ముందు వాంగ్మూలం ఇవ్వవలసినదిగా కోరడమైనది."

"ఇంగ్లీషులో ఒక వాక్యం చదివేవాణ్ణి, తెలుగులో చెప్పేవాణ్ణి. మళ్ళీ ఇంగ్లీషులో రాయించేవాణ్ణి. నీకూ అలాగే చెప్పాను కదుటోయ్ మార్కండేయులూ."

ఆ ఆఖరి వాక్యాన్ని రికార్డులో చేర్చలేదు. మిగతాదాని మీద సంఘం రెండు పూటలు కూర్చుని తర్జనభర్జన పడింది. చివరికి రిజిస్ట్రారుగారే స్వయంగా డిక్టేట్ చేసిన తీర్మానం ఇది: ‘సదరు అభ్యర్థినికి బోధన ఆంగ్లములో జరిగినది. అవగాహన మాత్రం అనధికారికంగా తెలుగులో జరిగినది. కనుక ఆంగ్ల మాధ్యమమని ధ్రువీకరించుట సాధ్యపడదు. ఈ కోర్సునకు తెలుగు మాధ్యమం మంజూరు కాలేదు కనుక తెలుగు మాధ్యమమనీ ధ్రువీకరించుట సాధ్యపడదు. అభ్యర్థిని ఏ మాధ్యమమునూ లేకుండ ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైనట్లు కనబడుచున్నది.’

అది చదివి సుగుణకి ఒళ్ళు మండిపోయింది. ఏ మాధ్యమం లేకుండా పాసైనందుకు శిక్ష వేస్తారా, శాలువా కప్పుతారా అని సింహాచలాన్ని అడిగింది. నెలాఖరు దగ్గర పడుతోంది. చలిసముద్రం వాళ్ళు మర్యాదగా, కాగితం కోసం ఎదురుచూస్తున్నామని గుర్తుచేస్తూ ఉత్తరం రాశారు. ఆ మర్యాద చూస్తే ఆమెకి ఇంకా భయం వేసింది. అంత మర్యాదగా రాసేవాళ్ళు తలుపు కూడా అంతే మర్యాదగా మూసేస్తారని ఆమెకి తెలుసు.

సింహాచలం ఆమె తరఫున రిజిస్ట్రారుగారి దగ్గరికి వెళ్ళి వచ్చాడు. ఆయన కఠినాత్ములు కారు, పరిష్కారం ఆలోచించే పెట్టుకున్నారు. పునర్బోధన. అంటే ఆ మాస్టారే, ఆ విద్యార్థినికే, ఆ గదిలోనే, కొన్ని పాఠాలు నమూనాగా మళ్ళీ చెప్పాలి. ఈసారి పూర్తిగా ఇంగ్లీషులో. అవగాహన కూడా ఇంగ్లీషులోనే జరగాలి. మృణాళినిగారు వెనక కూర్చుని, తెలుగు మాట దొర్లితే ఎర్రపెన్సిలుతో రాసుకుంటారు. తెలుగు వాక్యం దొర్లితే ఆ తరగతి రద్దు. నమూనా నెగ్గితే మూడేళ్ళ చదువూ ఇంగ్లీషులో జరిగినట్టే భావించబడుతుంది.

అంతకుముందు ఒక చిన్న లాంఛనం ఉందన్నాడు సింహాచలం, ముఖం పక్కకి తిప్పుకుని. తెలుగులో అర్థం చేసుకున్న జంతుశాస్త్రాన్ని మరిచిపోయినట్టు సుగుణ స్టాంపు కాగితం మీద రాసివ్వాలి. పాత అవగాహన మిగిలి ఉంటే కొత్తది ఏ భాషలో జరిగిందో తేల్చడం కష్టమట.

"ఎలా మర్చిపోతాను సార్? రోజూ అదే పని కదా నాది."

"రాసీమ్మా. మర్చిపోయినట్టు సాక్ష్యం ఎవులూ అడగరు. అడిగితే ఏటీ గుర్తులేదని సెప్పీ."

రాసిచ్చింది. నలుగురిలోనూ తను గర్వంగా చెప్పుకోదగ్గది ఆ చదువొక్కటే. దాన్ని మరిచిపోయానని రాయడం, కన్నతల్లిని ఎవరో తెలియదన్నట్టు అనిపించింది.

పాత తరగతి గదిలో ఇప్పుడు జవాబు పత్రాల కట్టలు పోసి ఉన్నాయి. వాటిని వరండాలోకి చేరవేశారు. సుగుణ కూర్చున్న అసలు బెంచీ కోసం వెతికితే అది క్యాంటీన్లో దొరికింది. దానిమీద పకోడీలు తింటున్న ఇద్దరు పరిశోధక విద్యార్థులని లేపి, బెంచీ తెచ్చి వేశారు. పేర్రాజు మాస్టారు గొడుగు మూలన పెట్టి, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా గదంతా కలయజూసి, సుగుణతో కూర్చోమ్మా అన్నారు. మొదటి తరగతి రద్దయింది.

రెండోనాడు మాస్టారు జాగ్రత్తగా ఉన్నారు. సిట్ డౌన్ అన్నారు. చాలాసేపు ఇంగ్లీషులో చదివారు. చదివినదాన్ని ఇంకో ఇంగ్లీషు వాక్యంతో వివరించబోయి, దాన్ని వివరించడానికి మొదటి వాక్యమే మళ్ళీ చదివారు. మనిషికి చెమటలు పట్టేశాయి. ఫ్యాన్ వెయ్యమని అడిగారు. అడిగింది తెలుగులో కనుక అదీ రద్దయింది. సుగుణ దగ్గరికి వచ్చి తప్పు చేసినవాడిలా ముఖం పెట్టారు. నేనిలా చెప్పలేనమ్మా, నీ బతుకు పాడుచేస్తున్నాను అన్నారు. కాదు మాస్టారూ, నా బతుకేదైనా బాగుందంటే మీవల్లే అంది సుగుణ. తరగతి అప్పటికే రద్దయి ఉంది కాబట్టి మృణాళినిగారు అది రాయలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మూడోనాటికి ఇంకో చిక్కు వచ్చింది. మాస్టారికి ప్రతి వాక్యం చివరా ‘అంటే’ అనడం ఊతపదం. అంటే అని ఆగి, తెలుగు మింగేసి, ఇంగ్లీషు అందుకునేవారు. ఆ ‘అంటే’ని బోధనగా లెక్కించాలా, అలవాటుగా లెక్కించాలా అని సంఘం ప్రత్యేకంగా సమావేశమైంది. దగ్గు ఏ భాషకీ చెందదని, ‘ఆఁ’ అనేది మాత్రం స్వరాన్నిబట్టి నిర్ణయించాలని, ‘అంటే’ తర్వాత ఏమీ అనకపోతే దాన్ని మౌనంగా పరిగణించాలని నిర్ణయించారు. ఈ నిర్ణయానికి ఒక పూట పట్టింది. నెలాఖరుకి ఇంకొక పూట తగ్గింది.

సరిగ్గా అప్పుడు రిజిస్ట్రారుగారి పంట పండింది. ఆయన కీర్తి సముద్రాలు దాటింది. ఒక విదేశీ విద్యాసంస్థ ‘సాక్ష్యాధారిత ధ్రువీకరణ’ మీద ఉపన్యసించమని, ఆర్నెల్లు అక్కడే అతిథి ఆచార్యులుగా ఉండమని ఆహ్వానించింది. సూటు కుట్టించుకున్నారు. ఆఫీసంతా జీడిపప్పు పాకం పంచారు. ఆహ్వానం అడుగున చిన్న అక్షరాల్లో, తమ డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివినట్టు ధ్రువీకరణ పత్రం జతపరచగలరు అని ఉంది. గడువు ఈ నెలాఖరు.

ఆయన సింహాచలాన్ని పిలిచి, నవ్వుతూ, ఒక కాగితం కొట్టుకురమ్మన్నారు. సింహాచలం నవ్వలేదు. కాగితం బదులు ఫైలు పట్టుకొచ్చాడు. ఫైల్లో ఆయన సర్క్యులరే ఉంది. ‘ఎంతటివారికైనను మినహాయింపు లేదు’ అన్న వాక్యం కింద ఆయనే గీసిన గీత ఉంది.

"సార్, మీది కూడా ఇదే కాలేజీ, ఇదే కోర్సు, ఇదే మాస్టారు. రికార్డు ఉన్నాది. సాక్ష్యం లేదు సార్."

తన సంతకంతో తనకే ఇచ్చుకోవచ్చు కదా అని రిజిస్ట్రారుగారు ఆలోచించకపోలేదు. కానీ ఉపన్యాసం విషయమే సాక్ష్యం. పైగా శాలువా ఫోటో గోడమీదే ఉంది. మర్నాడు పొద్దున్న డాక్టర్ మార్కండేయరావుగారు జంతుశాస్త్రం మరిచిపోయినట్టు స్టాంపు కాగితం రాసిచ్చి, వచ్చి సుగుణ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. ఆయన రాసింది అక్షరాలా నిజం కనుక దానికి సాక్ష్యం అవసరం కలగలేదు.

ఆ రోజు నెలలో ఆఖరి పనిదినం. పాఠం, చేప ఊపిరి. మొప్పల్లో నీరు ఒకవైపుకి పోతే, నెత్తురు దానికి ఎదురుగా పారుతుంది. పేర్రాజు మాస్టారు రాత్రంతా కంఠతా పట్టినట్టున్నారు. ఇంగ్లీషు ఎక్కడా తొట్రుపడకుండా వస్తోంది. ‘అంటే’ అనడం కూడా మానేశారు. గొంతులో జీవం లేదు, తప్పు మాత్రం లేదు. సుగుణ పిడికిళ్ళు బిగించుకుని కూర్చుంది. ఇంకొంచెం, ఇంకొక్క పేజీ. వెనక మృణాళినిగారి పెన్సిలు కదలడం లేదు. సుగుణకి చలిసముద్రం కళ్ళముందు కనిపిస్తోంది.

పక్కన రిజిస్ట్రారుగారు కదులుతున్నారు. మొదట తల గోక్కున్నారు. తర్వాత నల్లబల్ల మీది మొప్ప బొమ్మవైపు చూసి కళ్ళు చిట్లించారు. నీరూ నెత్తురూ ఎదురెదురుగా పోవడం వల్ల ప్రాణవాయువు ఎక్కువ దొరుకుతుందని మాస్టారు ఇంగ్లీషులో రెండోసారి చెప్పారు. ఆ ముక్క రిజిస్ట్రారుగారికి ముప్పై ఏళ్ళకి పైగా అర్థం కాలేదు. ఆనాడు తెలుగులో చెప్పిన రోజున ఆయన సినిమాకి వెళ్ళాడు, పరీక్షలో బట్టీ పెట్టి రాశాడు. మనిషిలో రిజిస్ట్రారు ఎంత పెద్దవాడైనా, బెంచీ మీద కూర్చున్నాక లోపలి విద్యార్థి ఊరుకోడు. చెయ్యెత్తాడు.

"అర్థం కాలేదు మాస్టారూ. కాస్త తెలుగులో చెప్పండి."

సుగుణ కళ్ళు మూసుకుంది. మాస్టారి ముఖం మాత్రం ఒక్కసారిగా వెలిగింది. చేతిలో పుస్తకం బల్లమీద పడేశారు.

"అదేరా, చూడు. తెల్లారి రేవులోంచి చేపల గంపలెత్తుకుని ఆడవాళ్ళు వరసగా వస్తుంటారా? నువ్వు కొనడానికి వెళ్ళావు. ఒక గంప పక్కనే, అదే దారిలో నడిస్తే, ఎంతసేపు నడిచినా ఆ ఒక్క గంపే. మంచివి రెండు ఏరాక ఇంకేముంది అందులో? అదే వాళ్ళకి ఎదురెళ్ళావనుకో, అడుగడుక్కీ కొత్త గంప. చివరిదాకా ఏరుకోవచ్చు. నెత్తురు కూడా అంతే. నీటికి ఎదురెళ్తుంది. ప్రతి అడుగులోనూ దానికి కొత్త గాలి దొరుకుతుంది."

"ఓహో," అన్నారు రిజిస్ట్రారుగారు. బొమ్మవైపు వేలు చూపించి మళ్ళీ ఓహో అన్నారు. ముఖం నిండా నవ్వు. ఆయన్ని అలా ఆ విశ్వవిద్యాలయంలో ఎవరూ చూడలేదు. ఆ తర్వాత వెనకనుంచి పెన్సిలు చప్పుడు వినబడింది. మృణాళినిగారు తలవంచుకుని, విధినిర్వహణలో భాగంగా, ఎర్రగా రాసుకుపోతున్నారు. గంపలు, రేవు, అన్నీ. నవ్వు మెల్లగా ఆరిపోయింది. మార్కండేయరావుగారు లేచి, ఎవరివంకా చూడకుండా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

సుగుణ బెంచీ మీదే ఉండిపోయింది. అంతా అయిపోయిందనుకుంది. ఏడుపు వచ్చింది కానీ మాస్టారు చూస్తారని ఆపుకుంది. విచిత్రమేమిటంటే ఆమెకి కోపం రాలేదు. ఆ గంపల మాట ఆమె డిగ్రీ చదివేటప్పుడు విన్నదే. తల్లి నెత్తిమీది గంప పాఠంలోకి రావడం చూసి, చదువంటే తమలాంటివాళ్ళది కూడానని మొదటిసారి అనుకున్నది ఆ రోజే. దాన్నే మరిచిపోయానని రాసిచ్చింది తను.

ఆఫీసు మూసే వేళకి తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చిన సర్క్యులరు ఇలా ఉంది: ‘పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా పునర్బోధన కార్యక్రమం తక్షణమే ఉపసంహరించడమైనది. ఈ విశ్వవిద్యాలయమందు ఇంతవరకు జరిగిన, ఇకముందు జరగబోవు సకల బోధనయు ఆంగ్లములోనే జరిగినట్లు భావించబడును. ఇందులకు సాక్ష్యం అవసరం లేదు.’ సింహాచలం బీరువాలోంచి పాత అచ్చుకాగితాలు తీశాడు. పేరు నింపితే చాలు. ఒకటి రిజిస్ట్రారుగారికి, ఒకటి సుగుణకి. ఆయన రెండింటి మీదా సంతకం పెట్టారు, ఫోన్లో వియ్యంకుడితో మాట్లాడుతూ. సింహాచలం సుగుణ కాగితాన్ని అక్కడే స్కాన్ చేసి పంపించి, యెల్లిపోయిందమ్మా, ఇక భయం లేదు అన్నాడు.

కొద్దివారాల్లో చలిసముద్రంనుంచి జవాబొచ్చింది. సీటు ఖాయమైంది. చివర్లో ఒక పేరా మాత్రం కొంచెం మొహమాటంగా రాశారు. తమ కోర్సు ఇంగ్లీషులోదే అయినా, సముద్రం మీద పాఠాలు చెప్పే పెద్ద ప్రొఫెసర్‌గారు ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, తర్వాత తమ దేశభాషలో వివరిస్తారని, అలాగైతేనే అక్కడి పిల్లలకి బాగా అర్థమవుతుందని రాశారు. మీకేమైనా ఇబ్బంది అవుతుందా, ఇలాంటి బోధనకి మీకు ఇంతకుముందు అలవాటుందా, ఉంటే దానికి ఆధారమేదైనా ఒకటి జతచేస్తే సంతోషిస్తాం అని అడిగారు.

సుగుణ ఆ ఉత్తరాన్ని పేర్రాజు మాస్టారికి చదివి వినిపించింది. ఆయనకి ఇంగ్లీషులో వినబడలేదు, మళ్ళీ తెలుగులో చెప్పింది. అప్పుడు ఆయన పడీపడీ నవ్వారు. ఏం రాశావమ్మా అని అడిగారు.

"అలవాటేనని రాసీసాను మాస్టారూ."

ఆధారం కోసం ఆమె మృణాళినిగారి ఇంటికి వెళ్ళింది. ఆవిడ బల్ల సొరుగులోంచి తరగతిలో రాసుకున్న నోటుపుస్తకం తీసి, ఎర్రపెన్సిలుతో గంపల పాఠమంతా మాట పోకుండా రాసిన పేజీ తెరిచారు. దాన్ని జిరాక్స్ తీయించి, అడుగున, ఈ బోధన నా ఎదుట జరిగినది, అభ్యర్థినికి అర్థమైనది అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టారు. ఆ యేడు ఆ విశ్వవిద్యాలయంలో సాక్ష్యం చూసి పెట్టిన సంతకం అదొక్కటే.